మాట వినని ఏడుగురు

చింతబరికె గాలిని చీల్చుకుంటూ వచ్చి పైడి పిక్క మీద పడింది.

"మళ్ళీ చిక్కావు!" అని కుందమ గర్జించింది. "ఒక్క ఊపిరితో నూట పది అడుగులు పోగలవు. శరభపురి రాజ్యం మొత్తం జల్లెడ పట్టినా నీకున్నంత దమ్ము ఇంకొకరికి లేదు. అయినా గీతకు రెండడుగుల దూరంలోకి రాగానే తడబడతావు. ఎందుకే? అక్కడ మీ అత్తగారేమైనా కూర్చుని ఉందా?"

"నాకింకా పెళ్ళే కాలేదక్కా" అంది పైడి, పిక్క రుద్దుకుంటూ. ఇరవై ఏళ్ళ ఆ గొడ్లకాపరి పిల్లకు దెబ్బ తగిలినా నోరు మాత్రం తగ్గదు. మిగిలిన ఆరుగురు ఆటగాళ్ళు నవ్వబోయి, బరికెను చూసి దగ్గారు.

కుందమ కోపానికి కారణం ఉంది. ఆటకు ఇంకా ఏడు రోజులే గడువు.

శరభపురికి ఎదురుగా, ఏటికి ఆవలిగట్టున బూడిదకోట. అందులో ధూమ్రజిహ్వుడనే మాంత్రికుడు కాపురం ఉంటాడు. పన్నెండేళ్ళకోసారి రాజ్యం తరఫున ఏడుగురు పోయి వాడి ఏడుగురితో చెడుగుడు ఆడాలి. ఆడకపోతే ఏరు ఎండగడతాడు. ఆడి చిక్కిన ప్రతివాడి గొంతూ వాడిదే. ఆ గొంతును ఒక చిలకలో బంధించి, చిలకను పంజరంలో వేలాడదీస్తాడు. వాడి ఆటగాణ్ణి ఒకణ్ణి పడగొడితే ఒక గొంతు తిరిగి ఇస్తానని కూడా షరతు పెట్టాడు. ఇంతవరకూ ఎవరూ పడగొట్టలేదు గనక, ఆ ఉదారత వల్ల వాడికి పోయిందేమీ లేదు.

పోయినసారి ఏడుగురు ఆడపిల్లలు వెళ్ళారు. కుందమ ఎనిమిదోది. ఆలస్యంగా వచ్చిందని అప్పటి గురువు బేతన బరికె మొదలుతో మోకాలి చిప్ప పగలగొట్టడంతో ఇంట్లో పడి ఉండి బతికిపోయింది. వెళ్ళిన ఏడుగురూ మూగవాళ్ళై తిరిగొచ్చారు. వాళ్ళలో కుందమ సొంత అక్క రేవమ ఒకతె. "వాళ్ళు నా మాట వినలేదు ప్రభూ" అని బేతన సభలో కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచీ శరభపురిలో తల్లులు పిల్లలకు అన్నం కలిపి పెడుతూ, "మాట వినలేదు, మూగబోయారు" అని చెప్పి మరీ ముద్ద నోట్లో పెడుతున్నారు.

ఆ గొంతుల కోసమే కుందమ పట్టుబట్టి ఈ ఏడుగురికి గురుత్వం పుచ్చుకుంది. ఈసారి గెలవకపోతే అక్క గొంతు వచ్చే పన్నెండేళ్ళూ పంజరంలోనే ఉంటుంది. దాని పక్కన కొత్తగా మరో ఏడు పంజరాలు వేలాడతాయి.

"మళ్ళీ పరిగెత్తు!" అని బరికె ఎత్తింది.

అప్పుడే అంబలి కుండతో వచ్చిన రేవమ, కుండ దించి గట్టిగా చప్పట్లు కొట్టింది. చేతిని పైడి కళ్ళవైపు చూపింది. తర్వాత బరికెవైపు చూపింది. తాను నాలుగడుగులు పరిగెత్తి, గీత దగ్గర మెడ పక్కకు తిప్పి, అర అడుగు తడబడి చూపించింది.

కుందమ ఈసారి పైడి కాళ్ళను వదిలేసి కళ్ళను చూసింది. నిజమే. గీతకు రెండడుగుల దూరంలో పైడి చూపు బరికె మీదికి పోయింది. ఆ అర క్షణంలోనే కాలు తప్పింది. తర్వాత వెళ్ళిన కుమ్మరి గౌరనా అంతే. నేతగాడు సింగనా అంతే.

ఈ సింగన నిజానికి నేతగాడు కాడు. రాజుగారి రెండో కొడుకు విజయాంకుడు. మారువేషంలో ఆటలో చేరాడు. ఆ రహస్యం రాజ్యంలో రాజుగారికి తప్ప అందరికీ తెలుసు.

"బరికెను ఎందుకు చూస్తార్రా?" అని కేక పెట్టింది కుందమ.

"చూడకపోతే ఎటునుంచి పడుతుందో తెలియదు కదక్కా!" అన్నాడు గౌరన. ఇంత చిన్న సంగతి గురువుకు తెలియదా అన్నట్టు ఎంతో వినయంగా అన్నాడు.

కుందమ చేతిలోని బరికెను తేలును చూసినట్టు చూసింది. పన్నెండేళ్ళుగా బేతన మీద పళ్ళు నూరుతోంది. పట్టుకు తిరుగుతున్నది మాత్రం బేతన బరికెనే! ఆమె తిట్లు కూడా సొంతవి కావు. ఆ అత్తగారి ముక్క కూడా బేతనదే.

ఒళ్ళు మండిపోయింది. బరికెను మోకాలికేసి విరిచింది. పాత దెబ్బ తగిలిన మోకాలు కావడంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం రెట్టింపైంది. ఆ కోపంలోనే శరభపురిలో ఎవరూ అడగని మాట అడిగింది.

"అక్కా, ఆ రోజు అక్కడేం జరిగింది?"

ఏడుగురూ గబుక్కున చెవులు మూసుకున్నారు. ఓడిన ఆటను గురించి ఓడినవాళ్ళను అడగరాదని ఆ రాజ్యంలో ఆచారం. అడిగితే ఓటమి అడిగినవాళ్ళకు అంటుకుంటుందట.

"అరిష్టం కుందమక్కా!" అన్నాడు సింగన.

"అరిష్టమా? ఏడుగురు మనుషులు పన్నెండేళ్ళుగా ఊళ్ళో తిరుగుతున్నారు. గెలుపు ఎక్కడ తప్పిపోయిందో వాళ్ళకే తెలుసు. వాళ్ళను తప్ప చెట్టునూ పుట్టనూ జోస్యులనూ అందరినీ అడిగాం. అంతకంటే అరిష్టం ఉందిట్రా? చేతులు దించండి. చూడండి!"

రేవమ పన్నెండేళ్ళుగా ఆ ప్రశ్న కోసం ఎదురుచూసిన మనిషి. కొంగు బిగించి బరిలోకి దిగింది.

గీత దాటినట్టు చూపింది. ఒకణ్ణి తాకినట్టు చూపింది. వెనక్కి మళ్ళింది. ఇంతలో విరిగిన బరికె ముక్క తీసుకుని గట్టు మీదికి పరిగెత్తి, బేతనలా ఛాతీ విరుచుకుని నిలబడి, దాన్ని అడ్డంగా పట్టుకుంది. బరికె అడ్డంగా పట్టుకుంటే ఉన్నచోట ఆగాలన్నది బేతన నేర్పిన మొదటి పాఠం. మళ్ళీ బరిలోకి వచ్చి కొయ్యబారి ఆగిపోయి చూపింది. ఒక్కసారి కాదు, ఏడుసార్లు.

వాళ్ళు మాట విన్నారు. విన్నందుకే మూగబోయారు!

రేవమ అంతటితో ఆగలేదు. ఆనాడు రాజుగారి డేరా వేసిన దిక్కు చూపి, అక్కడ చతికిలబడి, బుగ్గలు పూరించి, వేళ్ళు నాకుతూ, మీసం తుడుచుకుంటూ తినడం మొదలుపెట్టింది. ఆ మీసం తుడుపు చూసి గౌరన ఎగిరి గంతేశాడు. "బేతనయ్యవారు! అచ్చం ఆయనే! అయితే గట్టు మీద బరికెతో నిలబడిందెవరు?"

ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పనక్కర్లేకపోయింది. రూపాలు మార్చే విద్య ఏటికి ఆవల ఎవరికి వచ్చో పాలు తాగే పసివాడికి కూడా తెలుసు.

కుందమ ఆ మాట విన్నది విన్నట్టే కుంటికాలితో రాజుగారి కోటకు నడిచింది. ఏడుగురూ వెంట పరిగెత్తారు.

మహారాజు ఉత్తుంగ శరభుడు పగడాల స్తంభాల మధ్య, నెమలిపింఛాల గాలిలో, కెంపులు తాపిన సింహాసనం మీద మీసాలకు ఆముదం పట్టిస్తున్నాడు. పక్కన రాజగురువు బేతన. పన్నెండేళ్ళలో పొట్ట ఇంకాస్త ముందుకొచ్చింది.

"ఆట జరుగుతుంటే డేరాలో ఏం తింటున్నారు గురువుగారూ?" అని కుందమ దణ్ణం కూడా పెట్టకుండా అడిగింది.

బేతన మొహంలో నెత్తురు చుక్క లేదు. "రెండు బూరెలేనే పిల్లా! అవీ వేడివేడివి..." అనేసి, నాలిక కరుచుకుని, వెంటనే గొంతు పెంచాడు. "ఓడిన ఆట గురించి అడిగిందా? ప్రభూ, ఆచారం మంటగలిపింది! బరికె విరిచింది! బరికె లేని గురువు కొమ్ముల్లేని పోతు. వీళ్ళిక ఎవరి మాటా వినరు!"

"వినకూడదనే విరిచాను! నువ్వు నేర్పింది ఆట కాదయ్యా, గుడ్డితనం. నీ మొహం తగిలించుకుని మాంత్రికుడు వస్తే, ఆ మొహాన్ని కూడా నమ్మేంత గుడ్డితనం!"

రాజుగారికి గురువుల మధ్య తగువు తీర్చడం చేతకాదు. చేతకానప్పుడు తలలు తీయిస్తానంటాడు. అది ఆయన పద్ధతి. "కుందమా, నీ ఇష్టం వచ్చినట్టు నేర్పుకో. ఆ ఏడుగురిలో ఒక్క గొంతు పోయినా నీ తల పోతుంది. బేతనా, నువ్వూ వాళ్ళ వెంట వెళ్ళు. ఈమె చేతులెత్తేస్తే గురుత్వం నువ్వు అందుకో." తర్వాత తలపాగా ముక్కు దాకా లాక్కున్న సింగనను చూసి, "ఆ నేతగాడెవరో మా వంశపు ముక్కు పెట్టుకు పుట్టాడే!" అని ఆశ్చర్యపోయాడు.

తిరిగి వస్తుంటే కుందమ ఏరు ప్రతిధ్వనించేలా చెప్పింది. "ఇక వినండి. గీతకు ఇవతల నేను చెప్పేదంతా వినండి. నచ్చకపోతే అడగండి, ఎదిరించండి, తిట్టుకోండి. గీత దాటారా, నేను చచ్చాననుకోండి. అక్కడ నీ కాలు నీది, నీ కన్ను నీది, నీ ఊపిరి నీది. నా మొహంతో, నా గొంతుతో ఎవరు ఏం చెప్పినా వినొద్దు. నేను చెప్పినా సరే, వినొద్దు!"

"ఇప్పుడు చెప్పిన ఈ మాట వినాలా, వద్దా అక్కా?" అంది పైడి.

"గీతకు ఇవతలే ఉన్నావు. నోర్మూసుకుని విను!"

ఆ ఏడు రోజులూ శరభపురి జనం గట్టు మీద చేరి ముక్కున వేలేసుకున్నారు. ఆటగాడు గీత దాటగానే కుందమ పక్కనే పరిగెత్తుతూ కొంపలు ముంచే సలహాలన్నీ ఇచ్చేది. "ఆగు!" "కింద ముల్లుంది!" "మీ అమ్మ పిలుస్తోంది!" అని అరిచేది. విని చిక్కినవాణ్ణి కొట్టేది కాదు, కూర్చోబెట్టి "ఏం జరిగింది?" అని అడిగేది. మొదట్లో వాళ్ళు క్షమాపణలు చెప్పుకున్నారు. మూడో రోజుకు కారణాలు చెప్పారు. ఐదో రోజుకు తమలో తాము వాదించుకున్నారు. ఆరో రోజున గౌరన పరుగులోనే ఆమెకేసి చూసి వెక్కిరించాడు. కుందమకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఖాళీ చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దించి, "బాగుంది" అంది పళ్ళ మధ్య నుంచి. ఆ ఒక్క మాట అనడానికి ఆమెకు పట్టినంత బలం ఏనుగుకు దుంగ మోయడానికి కూడా పట్టదు.

ఎనిమిదో రోజు పొద్దు పొడిచేసరికి పడవ ఏట్లో పడింది. ఏడుగురు ఆటగాళ్ళు, మూగవాళ్ళు ఏడుగురు, కుందమ, చంకలో కొత్త బరికెతో బేతన. నడిమి ఏటిలో నీళ్ళు సుడి తిరిగి, తాటిచెట్టంత మొసలి నోరు తెరిచింది. బేతన బరికె ఎత్తి, "ఆగు!" అని ఆజ్ఞాపించాడు. మొసలి ఆగలేదు. దానికి ఆయన శిష్యరికం లేదు. పైడి తెడ్డును దాని దవడల మధ్య నిలువుగా దించింది. సింగన తలపాగా విప్పి మూతి చుట్టూ మూడు చుట్లు బిగించాడు. పడవ బాణంలా ఆవలిగట్టుకు కొట్టుకుపోయింది.

బూడిదకోట! గోడలు బూడిదవి. బురుజులు బొగ్గువి. ద్వారానికి తోరణంగా ఎండిన పాముకుబుసాలు గాలికి గలగలలాడుతున్నాయి. ముంగిట రెండు వందల అడుగుల పొడవున మెత్తని తెల్ల బూడిద పరిచిన బరి. బరికి నట్టనడుమ నల్లగా నిగనిగలాడే గీత. బరి చుట్టూ ఇనుప కొమ్మల నుంచి వేలాడే పంజరాలు. వాటిలో ఏడు చిలకలు ఆడపిల్లల గొంతులతో, "చెడుగుడు చెడుగుడు చెడుగుడు" అని కూత ఆపకుండా కూస్తున్నాయి. ఆ ఏడింటిలో ఒక గొంతు కుందమ చిన్నప్పుడు జోలపాటలో విన్న గొంతు.

గీతకు అవతల మాంత్రికుడి ఆటగాళ్ళు నిలబడి ఉన్నారు. టేకు మొద్దుతో చెక్కిన ఏడు బొమ్మలు. చెప్పిన మాట జవదాటని శిష్యులు కావాలంటే చెక్కతోనే చేసుకోవాలని ధూమ్రజిహ్వుడు ఏనాడో గ్రహించాడు. వాడి నోటి నుంచి పొగ నాలికలా జారుతోంది. "రండి రండి! పంజరాలు కడిగించి పెట్టాను" అని నవ్వి, ఆ పొగలో మాయమయ్యాడు.

మొదటి కూతకు గౌరన వెళ్ళాడు. "చెడుగుడు చెడుగుడు" అంటూ దూసుకుపోయి ఒక బొమ్మ భుజం తాకబోయాడు. ఇంతలో బరికి అవతలి అంచున ఇంకో కుందమ ప్రత్యక్షమైంది. అదే కుంటికాలు, అదే కోపం. "గౌరనా, ఆగు!" అని అరిచింది. గౌరన ఆగలేదు. బొమ్మను తాకి మళ్ళాడు. అతని మొహం విప్పారింది. కానీ తిరిగి వచ్చి గీత ఉండాల్సినచోట కాలు పెడితే, కాలి కింద బూడిదే తగిలింది. ఊపిరి తెగింది. బొమ్మలు అతని మీద పడ్డాయి. కూత అతని నోటి నుంచి పొగలా లేచి కొత్త పంజరంలోని చిలకలోకి దూరిపోయింది.

"నీ తల పోయిందే కుందమా!" అని బేతన తొడలు చరుచుకున్నాడు. "వినే శిష్యుడైతే దక్కేవాడు!"

కుందమ ఆయనకేసి చూడనైనా లేదు. బొమ్మలు అంచుకు ఈడ్చిపారేసిన గౌరన ముందు మోకరిల్లి, అతని భుజాలు పట్టుకుని, "ఏం జరిగిందిరా నాయనా?" అంది. ఈలోగా పైడి నడుము బిగించి గీత దాటేసింది.

గౌరన చెయ్యి చాచి, అరచేతిని పాములా వంకరలు తిప్పుతూ వెనక్కి జరిపి చూపాడు. కుందమ గిర్రున తిరిగి బరికేసి చూసింది. అది గీత కాదు! బూడిదలో బారుగా పడుకున్న కాలనాగు. పైడి ముందుకు పోయేకొద్దీ అది చప్పుడు లేకుండా వెనక్కి జరుగుతోంది.

ఈలోగా పైడి బొమ్మను తాకింది. ఎదుటి బొమ్మల మీద చూపు నిలిపి వెనకడుగులు వేస్తూ వస్తోంది. వెనక పాము ఎంత దూరం జరిగిందో ఆమెకు తెలియదు.

"పైడీ, వెనక్కి చూడు!" అని అరిచింది దొంగ కుందమ. వాడి మాయ అదే. నిజాన్ని కూడా వాడే అరుస్తాడు. తల తిప్పితే బొమ్మలు మీద పడతాయి.

నిజం కుందమ నోటిదాకా అదే మాట వచ్చింది. అరిస్తే ఏమవుతుంది? పైడి వింటే, తాను నేర్పిందంతా అబద్ధం. వినకపోతే, ఆ కేకకు చెదిరిన చెవి ఊపిరిని తెంపుతుంది. పైడి ఊపిరి సన్నబడుతోంది. తొంభై అడుగులు. తొంభై ఐదు. కుందమ కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. నేర్పడం కష్టమని అందరూ అంటారు. నేర్పాక నోరు కట్టుకోవడం ఎంత కష్టమో ఆ క్షణంలో ఆమె దవడలకు తెలిసింది.

పైడి మడమ గీత ఉండాల్సినచోట పడింది. బూడిదే తగిలింది. ఆ బూడిదలో పాము జారిన వంకర చాలు మడమకు తెలిసింది. ఆమె తల తిప్పలేదు. అంచువైపు చూడలేదు. బొమ్మలు మీదికి దూకుతున్నాయి. వెల్లకిలా ఒరిగి, మీద పడిన రెండు బొమ్మలతో సహా బూడిదలో జారుతూ, తల వెనక్కి చెయ్యి చాచి, జారిపోతున్న కాలనాగు తోకను పిడికిట పట్టింది. గొడ్ల మేతకు గడ్డివాముల్లో పాముల మధ్య చెయ్యి పెట్టిన పిల్లకు తోక ఏదో, తల ఏదో చేతికే తెలుస్తుంది.

"చెడుగుడు!" అని చివరి కూత కూసి, గుప్పిట పైకెత్తింది. "గీతను కాలితోనే అందుకోవాలని ఎక్కడైనా రాసుందిట్రా?"

ఆమె తాకిన బొమ్మ నిలువునా పగిలింది. ఒక చిలక కూత ఆపేసింది. దాని నోటి నుంచి సన్నని వెలుగు వెలువడి, మూగవాళ్ళు ఏడుగురూ కూర్చున్న దిక్కుకు పోయి ఎవరి మీదో వాలింది. ఎవరి మీద వాలిందో చూసే వ్యవధి కుందమకు లేకపోయింది.

దొంగ కుందమ రూపం పొగై కరిగి, ధూమ్రజిహ్వుడు నిప్పులు కక్కుతూ బరి మధ్యకు దూకాడు. మిగిలిన బొమ్మలను ఒక్క కాలితో తన్ని పారేశాడు. "చాలు! ఒక్క బొమ్మ పగిలితే ఇక ఆట గురువుల మధ్యే. అది నా కోట ధర్మం. కుంటిదానా, గీత దాటు! నువ్వు చిక్కావా, మీవాళ్ళ గొంతులన్నీ నావే. నన్ను తాకి తిరిగి వెళ్ళావా, పంజరాలన్నీ తెరుస్తాను!"

వాడి రెండు చేతులూ వేరుపడి నాలుగయ్యాయి. నాలుగూ ఎనిమిదయ్యాయి. వేళ్ళు బూడిదలో వేళ్ళూనుకుంటూ నలువైపులా పాకాయి.

కుందమ కొంగును నోట్లోంచి తీసి నడుముకు చుట్టింది. పన్నెండేళ్ళుగా బరిలో దిగని మోకాలు ముల్లులా పొడిచింది. గొంతు మిగిలిన ఆరుగురు ఆటగాళ్ళూ ఆమె మొహంకేసి చూశారు. ఒక్కరూ సలహా చెప్పలేదు. "పో అక్కా" అంది పైడి, పాము తోక వదలకుండానే. అంతే.

"చెడుగుడు చెడుగుడు" అంటూ కుందమ గీత దాటింది.

అంతే, బేతన బరి అంచుకు ఉరికాడు. యాభై ఏళ్ళ అలవాటు మరి. "ఎడమకు పో! కాదు, కుడికి! ఆగు! ఆగవే, చెప్పిన మాట వినవే!" అని బరికె అడ్డంగా పట్టి గొంతు చించుకున్నాడు. ఆ కేకలకు కుందమ ఊపిరి తీగలా సన్నబడింది. ఎదుట మాంత్రికుడి ఎనిమిది చేతులూ విచ్చుకున్నాయి.

"నోరు ముయ్యరా బేతనా! బరిలో ఉన్నది అది. నువ్వు కాదు!"

వెనక నుంచి వచ్చిన ఆ గొంతు, పంజరంలో పడి వయసు ఆగిపోయిన ఇరవయ్యేళ్ళ ఆడపిల్లది. జోలపాట పాడిన గొంతు. పన్నెండేళ్ళు మాగిన కోపం ఉంది అందులో. ఆ వెనువెంటనే ఫెళ్ళున విరిగిన చప్పుడు. అది బరికెదో, బేతన వీపుదో తెలియలేదు.

కుందమకు ఏడుపు వచ్చింది. నవ్వూ వచ్చింది. రెండింటిలో ఏది బయటికి వచ్చినా ఊపిరి తెగుతుంది. దేన్నీ రానివ్వకుండా, వెనక్కి తిరక్కుండా, కూత పెంచి, కుంటికాలితోనే ఎనిమిది చేతుల మధ్యకు దూకింది.